రైలు దిగకముందే డాక్యుమెంటరీ పూర్తి చేయడం ఎలా?

పలాసలో రైలు దిగేలోపే సినిమా పేరు ఖాయం చేసేసుకోండి. ‘విషజలం’ బాగుంటుంది. పేరుంటే పోస్టరు వస్తుంది, పోస్టరుంటే డబ్బు పెట్టేవాడు దొరుకుతాడు, డబ్బు చేతిలో పడ్డాక ఆయనకి చెప్పిన కథే ఊళ్ళో దొరకాలి. దొరక్కపోతే అది ఊరి తప్పు. మిగతా చిట్కాలన్నీ ఇందులోంచి పుట్టేవే కాబట్టి తొందరున్నవాళ్ళు ఇక్కడే ఆపేసి టికెట్లు తీసుకోవచ్చు.

ఉద్దానమే ఎందుకంటారా? శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలు. పైనుంచి డ్రోనుతో తీస్తే చూసినవాళ్ళు కేరళ అనుకుంటారు. ఆ పచ్చదనం కింద దశాబ్దాలుగా మనుషులు కిడ్నీలు పాడై చనిపోతున్నారు. అందమూ చావూ ఒకే ఫ్రేములో రావడం ఎంతమంది దర్శకులకి దక్కుతుంది? కావాలంటే మీ అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబం మెట్ల కింద గదిలో ఎలా కాపురం చేస్తోందో తీయచ్చు. ఖర్చు కూడా తక్కువ. కానీ అది తీస్తే మర్నాడు పొద్దున్న ఆయన మొహం చూడాలి, ఆ మర్నాడు కూడా చూడాలి. ఊరు దూరమైతే ఆ బాధ లేదు.

పరిశోధన దగ్గరే చాలామంది కుర్రాళ్ళు పాడైపోతారు. చదవడం మొదలుపెడతారు. ఈ విషయంలో ఎంత చదివినా చివరికి తేలేది ఒకటే: కారణం ఇంకా తేలలేదని. భూగర్భ జలంలోని సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో గంటల తరబడి నీళ్ళు తాగకుండా చేసే పని అన్నారు, ఒళ్ళు నొప్పులకి మింగే మాత్రలు అన్నారు, వంశంలోనే ఏదో ఉందన్నారు. ఇలాంటి జబ్బే శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతుల్లో ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీల్లో ఉంది. అక్కడా ముద్దాయి ఒక్కడే అని ఎవరూ తేల్చలేదు. డాక్టర్లు ఆ జబ్బుకి పెట్టుకున్న పేరులోనే ‘కారణం తెలియని’ అన్న మాట ఉంది. అలాంటి జబ్బుతో ట్రైలర్ ఎలా కడతాం చెప్పండి?

కాబట్టి అయిదుగురు నిపుణుల్ని కలవండి. ‘ఇది కావచ్చు, అదీ కావచ్చు, ఇంకా చూడాలి’ అన్న నలుగురికీ దణ్ణం పెట్టి వచ్చేయండి. ‘నీళ్ళే, సందేహం లేదు’ అన్న అయిదో ఆయన్ని పుస్తకాల బీరువా ముందు కూర్చోబెట్టి తీయండి. ఆయన చర్మవ్యాధుల డాక్టరైనా సరే, తెర మీద డాక్టర్ అని మాత్రమే వేస్తాం కదా. మీ సినిమా చూశాక ఆ తోటల కొబ్బరికాయ కొనడానికి షావుకారు వెనకాడచ్చు. అక్కడి అమ్మాయిని చూసుకోడానికి వచ్చినవాళ్ళు జాతకంతో పాటు కిడ్నీల తీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కూడా అడగచ్చు. అవన్నీ సినిమా అయిపోయాక జరిగే సంగతులు. మీ నిడివి యాభై రెండు నిమిషాలే.

ఊళ్ళో మీకు దారి చూపించడానికి ఒకరు కావాలి. స్థానిక విలేకరి గానీ, ఆశా కార్యకర్త గానీ దొరికితే పండగే. ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరి గుమ్మం ఎక్కచ్చో, ఎవరి గుమ్మం ఎక్కకూడదో వాళ్ళకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా కూడబెట్టుకున్న నమ్మకం అది. మీరు దాన్ని నాలుగు రోజుల్లో ఖర్చుపెట్టేయచ్చు. మీరు వెళ్ళిపోయాక తిట్లు వాళ్ళకే పడతాయి కాబట్టి మీకు ఆ కంగారూ లేదు. ఇండోనేషియాలో 1965-66 నాటి ఊచకోతల మీద 2012లో వచ్చిన ‘ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ చివర్లో స్థానిక సిబ్బంది చాలామంది పేర్లకి బదులు ‘అనామకుడు’ అన్న మాటే వరసగా కనిపిస్తుంది. వాళ్ళ ప్రాణాలకి ముప్పుందని అలా చేశారు. మీరు కూడా మీ ఆశా కార్యకర్త పేరు వేయకండి. కారణం అడిగితే తెర మీద చోటు చాల్లేదనండి.

అనుమతి పత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వృత్తికి పునాది అదే.

పత్రం ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో ఉంటే ఎవరైనా చదివేసే ప్రమాదం ఉంది. మామూలుగా వాడే నమూనాలో ఒక వాక్యం ఉంటుంది: ఈ మనిషి రూపాన్నీ, గొంతునీ, జీవితకథనీ ఇప్పుడున్న, ఇకముందు పుట్టబోయే అన్ని మాధ్యమాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా వాడుకునే హక్కు నిర్మాతదని. విశ్వమంతటా! కవిటి మండలంలో జీడిపిక్కలు కొట్టుకునే మనిషి తన మొహం మీద శనిగ్రహం దాకా హక్కులు రాసిచ్చేస్తుంది. కారు బానెట్ మీద కాగితం పెట్టండి, వేలు పట్టుకుని ముద్ర వేయించండి, ‘ఏం లేదమ్మా, ఊరికే రూలు కోసం’ అనండి. ఏం లేని కాగితం మీద ముద్ర ఎందుకని ఆవిడ అడగదు. మీరు పట్నం నుంచి వచ్చారు, చేతిలో కెమెరా ఉంది, వెనక సర్పంచి గారి తమ్ముడు నిలబడి ఉన్నాడు.

సర్పంచి గారు సరేనంటే ఊరంతా సరేనన్నట్టే. మొగుడు సరేనంటే పెళ్ళాం అన్నట్టే. ఆసుపత్రి సూపరింటెండెంటు సంతకం పెడితే వార్డంతా పెట్టినట్టే. పక్క మంచాల మీదవాళ్ళని అడగక్కర్లేదు, వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్. అన్నట్టు, డయాలసిస్ ఒక విడత దాదాపు నాలుగు గంటలు పడుతుంది. రక్తం గొట్టాల్లోంచి యంత్రంలోకి వెళ్ళి తిరిగొస్తూ ఉంటుంది. అంతసేపూ మనిషి మంచం దిగకూడదు. లేచి వెళ్ళిపోలేని మనిషి కన్నా నిలకడగా ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ళు మీకు ఎక్కడ దొరుకుతారు?

ఒకసారి అడిగాక మళ్ళీ అడగకండి. కొందరు ఛాదస్తులు తీయడానికి ముందొకసారి, తీశాక ఒకసారి, ఎడిటింగ్ అయ్యాక ఇంకోసారి అడుగుతారు. మనిషి మనసు మారుతుందనీ, మొదటి రోజున కెమెరా అంటే ఏమిటో తెలియకుండా సరేనంటారనీ వాళ్ళ వాదన. మారితే మారనివ్వండి, కాగితం మారదు. అమెరికాలో ఎరల్ మోరిస్ తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’ 1988లో వచ్చింది. చేయని హత్యకి మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, పన్నెండేళ్ళు జైల్లో ఉన్న రాండల్ డేల్ ఆడమ్స్ ఆ సినిమా కదిలించిన దుమారం వల్ల 1989లో బయటికొచ్చాడు. వచ్చాక తన జీవితకథ మీద హక్కు తనకే కావాలని ఆ దర్శకుడి మీదే దావా వేశాడు, చివరికి ఇద్దరూ రాజీ పడ్డారు. జైలు నుంచి విడిపించినవాడితో కూడా కాగితం గొడవ తప్పలేదంటే, మీరు ఎవర్నీ విడిపించబోవడం లేదు కదా, మీ కాగితం ఇంకెంత గట్టిగా ఉండాలో ఆలోచించుకోండి.

డబ్బు మాట ఎత్తకండి. ఇస్తామనీ ఇవ్వమనీ తేల్చకండి. ‘పైవాళ్ళు చూస్తారు, ఏదో ఒకటి జరుగుతుంది’ అనండి. పైవాళ్ళంటే ఎవరో చెప్పకండి. అవతలివాళ్ళు కలెక్టరు గారనుకుంటారు, కొందరు ముఖ్యమంత్రి గారనుకుంటారు, మీ మనసులో ఉన్నది ఆమ్‌స్టర్‌డామ్ ఫెస్టివల్ కమిటీ. ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కి 2023లో ఆస్కార్ వచ్చాక అందులో కనిపించిన ముదుమలై దంపతులు తమకి ఇస్తామన్నవి ఇవ్వలేదని బయటపడ్డారు, నిర్మాతలు కాదన్నారు. ఎవరిది నిజమో తేల్చే పని మనది కాదు. మొదటి రోజే తెలిసిన భాషలో, సాక్షుల ముందు, ఇంత ఇస్తాం లేదా ఏమీ ఇవ్వం అని రాసుకుంటే తేల్చుకోవాల్సింది మిగలదని కొందరంటారు. మిగలకపోతే మాటకి సందుండదు, సందు లేకపోతే మన పని సాగదు.

ఇక ఏడుపు.

దీనికో పద్ధతి ఉంది. చావు గురించి నేరుగా అడక్కండి, జనం గట్టిపడిపోయి ఉంటారు, ఇదివరకొచ్చిన టీవీవాళ్ళకి చెప్పి చెప్పి పాఠంలా అప్పజెప్పేస్తారు. చిన్న వస్తువుతో మొదలుపెట్టండి. ‘ఈ చెప్పులు ఆయనవేనా అమ్మా?’ అని అడిగి ఊరుకోండి. కెమెరా తిరుగుతూనే ఉండాలి. మనవాళ్ళలో ఒక పాడు అలవాటుంది, ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు తిరగ్గానే ‘ఊరుకో అమ్మా’ అనేస్తారు. ఆ మాట కాలరు మైకులో పడితే ఎడిటింగులో పీకడం కష్టం. మంచినీళ్ళ గ్లాసు అందించడం ఇంకా పొరపాటు, చెయ్యి ఫ్రేములోకి వచ్చేస్తుంది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి ఆవిడ వీపు నిమిరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వాకిట్లో ఒక అసిస్టెంటుని కాపలా పెట్టండి. ఒంటరితనం మీద సినిమా తీస్తున్నప్పుడు నలుగురు చుట్టాలు కనిపిస్తే ఏం బాగుంటుంది?

సరిగ్గా అప్పుడే వీధిలో ‘పాత ఇనప సామాన్లు కొంటాం’ అంటూ మైకు బండి వెళుతుంది. వెళ్ళక మానదు. కంగారుపడకండి. ‘సౌండు సరిగ్గా రాలేదమ్మా, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి ఇంకొక్కసారి చెప్పండి’ అనండి. రెండోసారి ఆవిడ ఏడవకపోవచ్చు. పెద్ద కొడుకు బెంగళూరు కంపెనీ క్యాంటీన్లో చేస్తున్నాడనీ, చిన్నవాడికి కూడా మొన్న రక్తపరీక్ష చేయించామనీ, సోంపేటలో డయాలసిస్‌కి రాత్రి షిఫ్టు పడితే తిరిగి రావడానికి ఆటోవాడు రెట్టింపు అడుగుతాడనీ మామూలు గొంతుతో చెప్పుకుపోవచ్చు. ఇదంతా విని చలించకండి. ఆటో ఛార్జీ మీద ఎవరూ అవార్డు ఇవ్వలేదు. చెప్పులు మళ్ళీ తెప్పించండి.

నవ్వులు తీయకండి. ఉద్దానంలో పెళ్ళిళ్ళు అవుతాయి, అమ్మవారి సంబరాలు అవుతాయి, డయాలసిస్ మంచం మీద పడుకుని ఫోన్లో క్రికెట్ చూస్తూ అంపైర్ని తిట్టేవాళ్ళు ఉంటారు. ఇవి సినిమాలో కనిపిస్తే ప్రేక్షకుడు వాళ్ళని తనలాంటి మనుషులే అనుకునే ప్రమాదం ఉంది.

కొన్ని దృశ్యాలు దొరకవు. దొరకనివి తయారుచేసుకోవాలి, అందుకు సిగ్గుపడక్కర్లేదు, మన వంశం గొప్పది. రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ తీశాడు. డాక్యుమెంటరీకి అదే ఆదికావ్యమంటారు. కథానాయకుడి పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. తెర మీద భార్య అసలు భార్య కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత ఈటెలతో వాల్రస్‌ని వేటాడించాడు. ఇగ్లూలో కెమెరాకి వెలుగు చాలక సగం ఇగ్లూనే కట్టించి, ఆ చలిగాలిలో వాళ్ళని నిద్ర నటించమన్నాడు. కెమెరాలు శుభ్రం చేసిపెట్టిందీ, రీళ్ళు కడగడంలో సాయపడిందీ ఆ ఇన్యూట్ మనుషులే. వాళ్ళలో ఒకడు తెర మీద గ్రామఫోను చూసి తెల్లబోయి, రికార్డు కొరికి చూస్తాడు. సినిమాకి డబ్బు పెట్టింది బొచ్చు తోళ్ళ కంపెనీ. ఇంకొకటి, డిస్నీవాళ్ళ ‘వైట్ వైల్డర్‌నెస్’, 1958. లెమ్మింగులనే చిట్టెలుకలు గుంపుగా సముద్రంలో దూకి చచ్చిపోతాయని చూపించారు. తీసింది అసలు సముద్రమే లేని అల్బర్టాలో. ఎలుకల్ని వేరేచోట కొనితెచ్చి, గట్టు మీంచి నదిలోకి తోశారు. దానికి ఆస్కార్ వచ్చింది. కెనడా టీవీ సంస్థ సీబీసీ ఆ సంగతి బయటపెట్టేసరికి పాతికేళ్ళు కావచ్చింది. అప్పటికి లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని ప్రపంచమంతా నమ్మేసింది, ఇప్పటికీ చాలామంది నమ్ముతూనే ఉన్నారు.

మీకు ఇంత ఖర్చు అక్కర్లేదు. ఒక పాత నుయ్యి, ఒక బిందె, ఒక ముసలావిడ చాలు. ‘మాం ఆ నూతి నీల్లు తాగడం మానేసి సేన్నాళ్ళయిపోనాది బాబూ, కేను కొనుక్కుంతన్నాం’ అని ఆవిడ అంటుంది. గుమ్మం పక్కన ఇరవై లీటర్ల క్యాను ఉంటుంది, దాన్ని ముందు మంచం కిందకి తోయించండి. బిందెతో నాలుగుసార్లు నడిపించండి. నాలుగోసారికి మోకాలి నొప్పితో ఆవిడ నడక సహజంగా మారుతుంది, అదే వాడుకోండి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో కూల్చేసిన కొబ్బరిచెట్ల ఫుటేజీ ఎక్కడైనా దొరికితే కొనేసి కిడ్నీల మాట వచ్చినప్పుడు మధ్యలో వేయండి. తుఫాను అని కింద రాయనంతసేపూ అది అబద్ధం కాదు.

కెమెరా ఎక్కడ పెట్టాలి? ఎత్తు మీద. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా నేర్చుకుని సినిమాలు తీస్తున్నారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల దగ్గరకి వెళ్ళి, వాళ్ళని పొలాల్లోనే నిలబెట్టి మాట్లాడించి తీసినవి వేరే దేశాల్లో కూడా చూశారు. వాళ్ళ లెక్కలో పైనుంచి కిందకి చూసే షాట్ పటేల్ షాట్, అరుగు మీద కూర్చున్న దొర కూలీని చూసినట్టు. ఎదురుగా కూర్చుని కంటికి కన్ను పెట్టి తీసేది సంఘం షాట్. వాళ్ళు సంఘం షాటే మేలంటారు. నేల మీద కూర్చుంటే ప్యాంటు మాసిపోతుంది, పైగా ఎదుటి మనిషి కూడా మిమ్మల్ని చూస్తుంది. పటేల్ షాటే కొట్టండి. ఇప్పుడు డ్రోనుంది, ఏ అరుగూ అంత ఎత్తుండదు.

పేరు దాచాల్సిన మనిషి తగిలితే మొహం మీద కాస్త మసక వేయండి. గొంతు, వాకిలి, వెనక నిలబెట్టిన బండి నంబరు అలాగే ఉంచేయండి. ఊరివాళ్ళు గుర్తుపడితే అది వాళ్ళ తెలివి.

సబ్‌టైటిల్స్ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. రెండు నిమిషాలు మాట్లాడిన మనిషి కింద ‘మేం చచ్చిపోతున్నాం’ అని ఒక్క వాక్యం వేస్తే ఎవరడుగుతారు? పరీక్ష రిపోర్టు ఇంగ్లీషులో ఇస్తారనీ, అది చదివి చెప్పేవాళ్ళు లేక టెక్కలి దాకా పోవాల్సొచ్చిందనీ ఆవిడ చెప్పిందంతా మీ ప్రేక్షకుడికి ఎందుకు? పైగా ఆ రిపోర్టూ ఇంగ్లీషులోనే, మీ అనుమతి పత్రమూ ఇంగ్లీషులోనే. అది తెర మీదకి రాకుండా ఉండటమే మంచిది.

సినిమా అయ్యాక ఊళ్ళో చూపించకండి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్రాన్సులో జాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ 1961లో ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’లో ఒక తప్పుడు పని చేశారు. తీసిన ఫుటేజీని అందులో ఉన్న పారిస్ మనుషులకే వేసి చూపించి, ఇది నిజమా నటనా అని వాళ్ళు పోట్లాడుకుంటుంటే ఆ పోట్లాట కూడా తీసి సినిమాలో పెట్టారు. ఇంట్లో దొంగతనం చేసి యజమానిని లేపి లెక్క చూసుకోమన్నట్టుంది. మన ఆనంద్ పట్వర్ధన్ ఇంకో అడుగు వేశాడు. బొంబాయి పేవ్‌మెంటు మీది గుడిసెల కూల్చివేతల మీద 1985లో ‘హమారా షహర్’ తీశాడు. అందులో గుడిసె పోయిన ఒక స్త్రీ, మా ఫొటోలు తీసుకుని మీరేం చేస్తారు, మా బీదతనాన్ని అమ్ముకుంటారా అన్న ధోరణిలో కెమెరా ముందే నిలదీస్తుంది. ఆ ముక్క తీసి పారేయాల్సింది. ఆయన సినిమాలోనే ఉంచేశాడు! మీకు అలాంటి ముక్క తగిలితే ఆ కార్డు అక్కడే ఫార్మాట్ చేయండి.

‘రైటింగ్ విత్ ఫైర్’ గుర్తుంది కదా, ఖబర్ లహరియా పత్రిక నడిపే దళిత మహిళల మీద వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. 2022లో సరిగ్గా ఆ అవార్డుల ముందు ఆ పత్రికవాళ్ళే ఒక ప్రకటన ఇచ్చారు, సినిమా బలంగానే ఉంది గానీ మేం ఒకే పార్టీ మీద రాయడమే పనిగా పెట్టుకున్నట్టు చూపించడం సరికాదని. వాళ్ళకి పత్రిక ఉంది కాబట్టి చెప్పుకోగలిగారు. మీరు ఎంచుకున్నవాళ్ళకి పత్రిక లేదు. సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి చూసుకోవడం అందుకే అవసరం.

ఊరివాళ్ళు సినిమా కావాలని మరీ మరీ అడిగితే లింకు పంపండి. పాస్‌వర్డు ఉన్న లింకు. పాస్‌వర్డు వారం రోజుల్లో చెల్లిపోతే ఇంకా మంచిది.

ఏడాది పోయాక ఎవరో ఫోన్ చేస్తారు. సినిమాలో మా పిల్ల కనిపించిందట, సంబంధంవాళ్ళు యూట్యూబులో చూశారట, ఆ ముక్క తీసేయగలరా బాబూ అంటారు. అప్పటికి మీరు వేరే జిల్లాలో వేరే జబ్బు మీద ఉంటారు. మిగిలిన ఫుటేజీ ఎలాగూ స్టాక్ కంపెనీకి అమ్మేసి ఉంటారు, బిందెతో నడిచే ముసలావిడ ఏదో వాటర్ ఫిల్టరు ప్రకటనలో నడుస్తూ ఉంటుంది. ఫోన్ ఎత్తకండి. నిధులిచ్చిన సంస్థకి తుది నివేదిక పంపాల్సిన గడువు దగ్గరపడుతుంది, అందులో ‘మీ సినిమా వల్ల ఆ ప్రజలకి కలిగిన మేలు’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎన్ని ఫెస్టివల్స్‌కి వెళ్ళిందో ఆ అంకె వేయండి. నివేదిక అడిగినవాళ్ళకీ అదే కావాలి.